గింటామా మూడో ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: మాది వరంగల్. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. జపాన్ యానిమేషన్ సిరీస్ (అనిమే) గింటామా అంత కామెడీ ఇంకెక్కడా లేదని ఫ్రెండ్స్ అందరూ అంటారు. రీల్స్‌లో ముక్కలు చూసి నేనూ పడీపడీ నవ్వాను. తీరా మొదటి రెండు ఎపిసోడ్లు పెట్టుకుంటే ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. సినిమా అయితే నయమేమోనని 2013లో వచ్చిన గింటామా సినిమా పెట్టాను. పది నిమిషాలకే ఆపేశాను. కామెడీ అనిమే నాకు పడదేమో అనిపిస్తోంది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? జపనీస్‌లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూడాలా, డబ్బింగ్ చూడాలా? ఏడో తరగతి చదివే మా తమ్ముడితో కలిసి చూడదగ్గ సినిమాలుంటే అవీ చెప్పండి.

జవాబు: కామెడీ అనిమే మీకు పడకపోవడమేమీ లేదు. మీరు చేయి పెట్టిన మూడు చోట్లూ కొత్తవాళ్లు పెట్టకూడని చోట్లు, అంతే. గింటామా మాంగా, అంటే మూలమైన జపనీస్ కామిక్, 2003 చివర్లో మొదలైంది. అనిమే 2006 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికే మాంగా చదువుతున్న లక్షలమంది కోసం మొదటి రెండు ఎపిసోడ్లను పండగ భోజనంలా వడ్డించారు. మాంగాలో లేని కథ అది. పాత్రలన్నీ ఒక్కసారే మీద పడతాయి, ఎవరు ఎవరో చెప్పే నాథుడుండడు. తెలిసినవాళ్లకు ప్రతి ముఖమూ ఒక ఈల. తెలియనివాళ్లకు అది పెళ్లికొడుకు ఎవరో కూడా తెలియని పెళ్లి. 367 ఎపిసోడ్ల ఈ సిరీస్‌ను ఆ రెండింటి దగ్గరే వదిలేసేవాళ్లు చాలామంది.

2013 సినిమాది ఇంకో ఇబ్బంది. జపాన్ థియేటర్లలో సినిమాకి ముందు, దొంగతనంగా రికార్డు చేయొద్దని ఒక ప్రకటన వేస్తారు. అందులో తలకాయ స్థానంలో కెమెరా ఉన్న సూటు మనిషి ఒకడు వింతగా డాన్స్ చేస్తాడు. గింటామా సినిమా ఆ కెమెరా తల మనిషినే తీసుకొచ్చి కథలో కీలకమైన పని అప్పజెప్పింది. మన థియేటర్లలో సినిమాకి ముందు వేసే పొగాకు ప్రకటన మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఆ ప్రకటనలోని మనిషి హఠాత్తుగా అసలు సినిమాలోకి నడిచొస్తే హాలంతా ఎలా గొల్లుమంటుందో ఊహించండి, అక్కడి నవ్వు అదే. ఆ తర్వాత కథ హీరోను అయిదేళ్ల భవిష్యత్తులోకి తోసేస్తుంది. అతని దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలు పెద్దవాళ్లై, విడిపోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఉంటారు. ఆ ఇద్దరూ కలిసి ఉన్నప్పుడు ఎలా ఉండేవారో తెలియనివాళ్లకు అందులో నవ్వూ లేదు, బాధా లేదు.

కాబట్టి మూడో ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టండి. మాంగా మొదలయ్యేది అక్కడే. ఎడో కాలపు జపాన్‌ మీదికి గ్రహాంతరవాసులు దిగి, సమురాయ్‌ల కత్తులు లాగేసుకున్నారు. షిన్‌పచి అనే కుర్రాడు ఒక హోటల్లో పనిచేస్తూ, ఆ గ్రహాంతరవాసుల చేత మాటలు పడుతుంటాడు. పక్క టేబుల్ దగ్గర ఉన్న మన హీరో గింతోకి లేచి వాళ్లను చెక్క కత్తితో చితకబాదుతాడు. న్యాయం కోసం అనుకుంటాం. ఆ గొడవలో తన ఐస్‌క్రీమ్ పర్‌ఫే ఒలికిపోయిందని అతని కోపం. సిరీస్ మొత్తం స్వభావం ఆ ఒక్క గిన్నెలో ఉంది: పెద్ద మాటకు సిద్ధమైన చోట చిన్న కారణం. తర్వాతి ఎపిసోడ్‌లో కగురా అనే అమ్మాయి వస్తుంది. ఆ పైన కత్సురా, షిన్‌సెంగుమి పోలీసులు ఒక్కొక్కరే పరిచయమవుతారు.

చూసే ముందు ఒక్క సంగతి తెలిసి ఉంటే నవ్వు రెట్టింపవుతుంది. షిన్‌సెంగుమి నిజంగా ఉన్న దళం. 1860ల్లో క్యోటోలో కత్తి పట్టుకుని తిరిగింది. కొండో ఇసామి, హిజికతా తొషిజో, ఒకితా సోజి అక్కడ బడిపిల్లలకు కూడా తెలిసిన పేర్లు. గింటామా రచయిత హిదెయాకి సొరాచి వాటిని కొండో ఇసావో, హిజికతా తొషిరో, ఒకితా సోగో అని కాస్త మార్చాడు. చరిత్రలో "రాక్షస ఉపదళపతి" అని పేరుపడ్డ హిజికతా ఇక్కడ ఏ తిండి మీదైనా మయొనేజ్ గుమ్మరించుకునే మనిషి. తాండ్ర పాపారాయుడి పేరులో ఒక అక్షరం మార్చి, ఇడ్లీ మీద కూడా ఆవకాయ గుమ్మరించుకునే సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా చూపిస్తే మనకు ఎక్కడ తగులుతుందో, వాళ్లకు అక్కడ తగులుతుంది.

ఒక పాతిక ఎపిసోడ్ల వరకు ఓపిక పట్టండి. అప్పటికీ పట్టకపోతే నిస్సంకోచంగా వదిలేయండి. పడితే మాత్రం 58 నుంచి 61 వరకు నడిచే బెనిజకురా కథ దగ్గర సిరీస్ ఎంత దూరం పోగలదో తెలుస్తుంది. 2010లో వచ్చిన మొదటి సినిమా ఆ నాలుగు ఎపిసోడ్ల కథనే మళ్లీ చెప్పింది. సినిమాతోనే ఈ లోకంలోకి రావాలనుకునేవాళ్లకు 2021 వరకు వచ్చిన మూడు అనిమే సినిమాల్లో కాస్తయినా అర్థమయ్యేది అదొక్కటే. 2021లో వచ్చిన గింటామా: ది ఫైనల్ సినిమా పేరుకు తగ్గట్టే కథకు ముగింపు. దాన్ని అన్నిటికంటే చివరన పెట్టుకోండి.

అయితే మీకు నా అసలు సలహా వేరే ఉంది. గింటామాకు ముందు 12 ఎపిసోడ్ల చిన్న సిరీస్ ఒకటి చూసి రండి: 2012లో వచ్చిన డైలీ లైవ్స్ ఆఫ్ హైస్కూల్ బాయ్స్. గింటామాను మొదట నడిపించిన దర్శకుడు షింజి తకమత్సు తీసిందే, స్టూడియో కూడా అదే సన్‌రైజ్. గింతోకికి గొంతు ఇచ్చిన తొమొకాజు సుగితాయే ఇందులో హిదెనొరి అనే కుర్రాడికీ గొంతిచ్చాడు. ఆ గొంతులోని విరుపుకు చెవి ఇక్కడే అలవాటు పడితే గింటామా సగం దారి నడిచినట్టే.

మొదటి ఎపిసోడ్‌లోనే నది గట్టు సీను ఉంది. సాయంత్రం వేళ హిదెనొరి గట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉంటాడు. పుస్తకం పట్టుకున్న అమ్మాయి ఒకతె వచ్చి అతని వెనకాల కూర్చుంటుంది. ఎవరూ మాట్లాడరు. గాలి వీస్తుంది. ఆ అమ్మాయి నవలలో జరిగేలాంటి కలయిక కోసం ఎదురుచూస్తోందని అతనికి అర్థమవుతుంది. ఏదో ఒక కవితాత్మకమైన మాట అనకపోతే ఈ మౌనం తెగదు. చివరికి "ఈ రోజు గాలి గోల చేస్తోంది" అంటాడు. లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోతుంటాడు. ఆమె ఆనందానికి పట్టపగ్గాలుండవు, అదే ధోరణిలో బదులిస్తుంది. ఇంతలో స్నేహితుడు పరిగెత్తుకొచ్చి, అటువైపు షాపులో ఆలూ ఫ్రైస్ సగం ధరకే ఇస్తున్నారని అరుస్తాడు. కాగితం మీద ఇందులో ఏమీ లేదు చూడండి. నవ్వంతా ఆ మౌనం పొడవులో ఉంది. అతను నోరు తెరుస్తాడా లేదా అని మనం కూడా ఊపిరి బిగబట్టేంత సేపు దర్శకుడు ఆగాడు.

రీల్స్‌లో నవ్వి, పూర్తి ఎపిసోడ్‌లో నవ్వలేకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. రీలు చేసేవాళ్లు ఆ ఆగడాన్ని కత్తిరించి, పంచ్‌ను మాత్రమే ఇస్తారు. వరసగా యాభై పంచ్‌లు చూసిన కన్ను ఎపిసోడ్‌లో మౌనం రాగానే ఫోన్ వైపు తిరుగుతుంది. తిరిగొచ్చేసరికి పంచ్ పోతుంది. ఆ విరామాన్ని జపనీస్ వాళ్లు "మా" అంటారు. హాస్యనటుల ప్రతిభను కొలిచేది దానితోనే. అందుకని కామెడీని ఎప్పుడూ మామూలు వేగంతోనే చూడండి. 1.25 రెట్ల వేగం యాక్షన్ సిరీస్‌ను పెద్దగా చెడగొట్టదేమో గానీ కామెడీని చంపేస్తుంది. రోజుకు రెండు ఎపిసోడ్లు చాలు. ముక్కలు ముక్కలుగా ఉండే స్కిట్ అనిమేలో మూడోదానికి చెవి మొద్దుబారుతుంది, మంచి జోకు కూడా చప్పగా తగులుతుంది. అలాగే చూడబోయే సిరీస్ రీల్స్ కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఇంకో మాట. ఈ సిరీస్‌లలో ఎవడో ఒకడు ఎప్పుడూ గొంతు చించుకుని అరుస్తుంటాడు. కొత్తవాళ్లకు అది గోలగా అనిపిస్తుంది. జపాన్‌లో మన్‌జాయ్ అని ఇద్దరు నిలబడి చేసే హాస్యం ఉంది. ఒకడు బొకె: అడ్డదిడ్డంగా మాట్లాడేవాడు. రెండోవాడు త్సుక్కొమి: ఆ తప్పును వెంటనే పట్టుకుని కౌంటర్ వేసేవాడు. గింటామాలో గింతోకి, కగురా అడ్డంగా మాట్లాడతారు, షిన్‌పచి కౌంటర్లు వేస్తాడు. మనకు కోట, బాబూమోహన్ జోడీ ఎలాగో, వాళ్లకు ఆ వరస అలా నరనరానా ఉంది. తేడా ఏమిటంటే మన జోడీలో దెబ్బ తినేవాడి ముఖం చూసి నవ్వుతాం. అక్కడ దెబ్బ కొట్టే మాట కోసం ఎదురుచూస్తారు. ఆ అరుపు జోకు మీద వ్యాఖ్య కాదు, జోకులో రెండో సగం. అలా వింటే షిన్‌పచి గోల గోలగా ఉండదు.

ఇక సబ్‌టైటిల్స్, డబ్బింగ్ సంగతి. ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక అదృష్టం ఉంది. జపనీస్ వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది, క్రియ చివర్లో వస్తుంది. "ఒరె వా నెకొ గా సుకి జా నై" అనేదాన్ని మాటకు మాట పెడితే "నాకు పిల్లి ఇష్టం కాదు". ఆ "కాదు" రెండు భాషల్లోనూ ఆఖరికే. పాత్ర ఆ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగి తిరగేస్తే మన చెవికి ఆ మలుపు సహజంగా అందుతుంది. ఇంగ్లిష్ వాక్యంలో ఆ "కాదు" మొదట్లోనే వచ్చేస్తుంది. పైగా సబ్‌టైటిల్ వాక్యమంతా ఒకేసారి తెర మీద పడుతుంది. పాత్ర నోరు విప్పేలోపే మీరు పంచ్ చదివేసి ఉంటారు. నవ్వు రాకపోవడానికి ఇదీ ఒక పెద్ద కారణమే.

దీనికి విరుగుడు ఉంది. సబ్‌టైటిల్ అక్షరాల సైజు తగ్గించండి. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే అకౌంట్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. చూపు ముందు ముఖం మీద, తర్వాత అక్షరాల మీద పడటం అలవాటు చేసుకోండి. స్కిట్ రెండు నిమిషాలదే అయితే వెంటనే ఇంకోసారి చూడండి. అర్థం తెలిశాక రెండోసారి గొంతుకే నవ్వు వస్తుంది. తెలుగు ఆడియో ఉన్నచోట, ముఖ్యంగా తమ్ముడితో చూసేటప్పుడు, అదే పెట్టండి. ఇంగ్లిష్‌లో అందరూ ఒకే రకంగా పిలుచుకుంటారు. జపనీస్‌లో సాన్, సామా, కున్, చాన్ అని పిలుపులోనే మర్యాద, చనువు, వెటకారం అన్నీ ఉంటాయి. మన గారు, అండి, రా, ఒసేయ్‌లకు ఆ పని బాగా చేతనవును. ఒక్క శ్లేష దగ్గర మాత్రం ఏ డబ్బింగూ గెలవదు. బోచ్చి ది రాక్‌లో అమ్మాయిల బ్యాండు పేరు కెస్సొకు బ్యాండ్. వింటే ఐకమత్యం అనిపిస్తుంది, కానీ జపనీస్‌లో అది వైర్లను కట్టే ప్లాస్టిక్ ట్యాగు పేరు. ఇలాంటివి ఒకసారి తెలుసుకుని ముందుకు పోవడమే.

డైలీ లైవ్స్, గింటామా నచ్చాక నిచిజో చూడండి. 2011, క్యోటో యానిమేషన్, 26 ఎపిసోడ్లు. నా లెక్కలో కదలికతో నవ్వించడంలో దీన్ని మించిన టీవీ సిరీస్ లేదు. లంచ్‌బాక్స్‌లోంచి ఆక్టోపస్ ఆకారంలో కోసిన సాసేజ్ ముక్క ఒకటి జారిపడుతుంది. కాలం నెమ్మదిస్తుంది, యుకో చేయి చాస్తుంది, ముక్క వేళ్లకు తగిలి ఎగురుతుంది. యుద్ధ సన్నివేశానికి పెట్టాల్సిన శ్రమంతా ఆ సాసేజ్ ముక్క మీద పెట్టారు. సైకి కే 2016లో అయిదు నిమిషాల ముక్కలుగా వచ్చింది. హీరో నోరు విప్పడు, మనసులో మాటలే ఆగకుండా పరిగెడతాయి. సబ్‌టైటిల్స్ అందుకోవడం కష్టం కాబట్టి దీన్ని డబ్బింగ్‌లో చూడమనే చెబుతాను.

సినిమాలున్న సిరీస్‌లకు వరస తప్పకూడదు. కొనొసుబాకు మొదటి రెండు సీజన్లు (పదేసి ఎపిసోడ్లు), తర్వాత 2019 సినిమా, ఆ పైన 2024లో వచ్చిన మూడో సీజన్. కాగుయా-సామాకు మూడు సీజన్లు అయ్యాకే 2022 డిసెంబర్ సినిమా. అది విడి కథ కాదు, మూడో సీజన్ ఆగిన చోటి నుంచి నేరుగా సాగుతుంది. గ్రాండ్ బ్లూ కూడా తకమత్సు తీసిందే, విపరీతంగా నవ్విస్తుంది. కానీ తాగుడు, బట్టలు విప్పుకోవడం ఆపకుండా ఉంటాయి. తమ్ముడు ఇంట్లో లేనప్పుడు చూడండి. నటులతో తీసిన గింటామా (2017), సైకి (2017) సినిమాలు రెండూ యూయిచి ఫుకుదావే. అనిమే ముఖాలు మనసులో నిలిచాక చూస్తేనే ఆ విగ్గులూ వేషాలూ నవ్విస్తాయి.

తమ్ముడితో చూడటానికి ముందే ఏ సిరీసూ తెలియక్కర్లేని సినిమాలు కావాలి. మొదటిది మై నైబర్స్ ది యమదాస్, 1999. జిబ్లీ స్టూడియోలో ఇసావో తకాహతా తీశాడు. జిబ్లీ సినిమాలు మనకు నెట్‌ఫ్లిక్స్‌లో దొరుకుతాయి. మధ్యతరగతి ఇల్లు: అమ్మ, నాన్న, అమ్మమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. టీవీ రిమోట్ కోసం మొగుడూ పెళ్లాం సమురాయ్‌ల కత్తియుద్ధంలా తలపడే సీను ఏ తెలుగు ఇంట్లోనైనా జరిగేదే. పాపను డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో మరచిపోయి కారెక్కిన కుటుంబం సంగతీ అంతే. పత్రికల్లో వచ్చే నాలుగు గళ్ల కార్టూన్లు దీనికి మూలం. అందుకే కథ ఒక దారిన సాగదు, చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. తమ్ముడికి విసుగొస్తే సగంలో ఆపి మర్నాడు చూసినా పోయేదేమీ లేదు.

రెండోది ది కాసిల్ ఆఫ్ కాగ్లియోస్ట్రో, 1979. మియజాకి దర్శకత్వం చేసిన మొదటి సినిమా. దొంగ లుపిన్ రాత్రిపూట కోట పైకప్పు మీద నిలబడి, అవతలి బురుజు దాకా తాడు పంపే చిన్న రాకెట్ వెలిగించబోతాడు. అది చేయి జారి కప్పు వాలు మీద దొర్లుకుంటూ పోతుంది. దాన్ని పట్టుకోబోయి అతనూ పరిగెడతాడు, ఇక ఆగలేడు, ఆ ఊపులోనే కప్పు నుంచి కప్పుకు దూకేస్తాడు. ఒక్క మాట కూడా అక్కర్లేదు, అక్షరాలు చదవక్కర్లేదు. సిగరెట్లు తాగడం ఉంటుందని మాత్రం ముందుగా తెలిసి ఉండాలి.

మూడోది క్రేయాన్ షిన్-చాన్ సినిమాల్లో 2001లో వచ్చినది, కెయిచి హరా తీసిన ది అడల్ట్ ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్. షిన్‌చాన్ మీ తమ్ముడికి కొత్త కాదు కాబట్టి ఇక్కడ పరిచయాల బెంగ లేదు. పాతకాలపు వాసన ఒకటి పీల్చి పెద్దలంతా చిన్నపిల్లల్లా మారిపోతారు. పిల్లల్ని, ఇంటిని మరచిపోయి, 1970 ఒసాకా ఎక్స్‌పో నాటి రోజుల్లోకి జారిపోతారు. నాన్నను వెనక్కి తేవడానికి షిన్‌చాన్‌కు దొరికిన మందు, నాన్న బూటు. హిరోషి కాళ్ల కంపు టీవీ సిరీస్‌లో ఏళ్ల తరబడి అరిగిపోయిన జోకు. ఆ బూటును ముక్కు దగ్గర పెట్టగానే అతని జీవితమంతా కళ్ల ముందు కదులుతుంది: తండ్రి సైకిల్ వెనక కూర్చున్న పిల్లాడు, ఉద్యోగం, పెళ్లి, పుట్టిన బిడ్డ, చెమటతో ఇంటికి నడిచొచ్చిన సాయంత్రాలు. దాదాపు మాటలే లేవు. తమ్ముడు బూటు చూసి నవ్వుతాడు. మీ నాన్నగారు కూడా పక్కన కూర్చుంటే ఆ కొన్ని నిమిషాలు మాట్లాడకుండా చూడనివ్వండి.

మీరొక్కరే చూసుకోవడానికి ఇంకో మూడు. సతోషి కోన్ తీసిన టోక్యో గాడ్‌ఫాదర్స్ (2003): ఇల్లూ వాకిలీ లేని ముగ్గురికి క్రిస్మస్ ముందురోజు చెత్తలో పసిపాప దొరుకుతుంది. తాగుడు, పేదరికం ఉన్న కథ కాబట్టి తమ్ముడికి ఇంకో మూడు నాలుగేళ్లు ఆగాక చూపించండి. మసాకి యువాసా తీసిన ది నైట్ ఈజ్ షార్ట్, వాక్ ఆన్ గర్ల్ (2017): క్యోటోలో కాలేజీ పిల్ల ఒకతె ఒక్క రాత్రిలో నాలుగు రుతువులు తిరిగొస్తుంది, మీ వయసుకు సరిగ్గా సరిపోతుంది. చివరగా ఉరుసెయ్ యత్సురా సినిమాల్లో మమొరు ఒషీ తీసిన బ్యూటిఫుల్ డ్రీమర్ (1984). స్కూలు పండగకు ముందురోజు మళ్లీ మళ్లీ తిరిగొస్తూనే ఉంటుంది. నాకు కామెడీ సిరీస్‌ల నుంచి వచ్చిన సినిమాలన్నిటిలోకీ ఇదే గొప్పది. కానీ దీన్ని తొందరపడి పెట్టకండి. 2022లో మొదలైన కొత్త ఉరుసెయ్ యత్సురా నుంచి కనీసం ఓ పది ఎపిసోడ్లు చూసి, అతారు, లమ్, మెందో, సకురా ఎవరెవరో ముఖం చూడగానే గుర్తుపట్టే స్థితికి వచ్చాక, ఒక రాత్రి దీపాలార్పి చూడండి.